తెలియదు, చదువుకుని చెబుతాను

2006లో ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతికి కొత్త చరిత్ర పుస్తకం వేసింది. అందులో అడవుల మీద ఒక పాఠం ఉంది. ఆ పాఠంలో బస్తర్ ఉంది. 1910లో రాజ్యాన్ని మూడు నెలలు గడగడలాడించిన తిరుగుబాటు, నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్, ఊరూరా తిరిగిన మామిడి కొమ్మలు, మిరపకాయలు. ఢిల్లీలో అచ్చయిన పాఠ్యపుస్తకంలో బస్తర్‌కు ఇన్ని పేజీలు దక్కడం చిన్న విషయం కాదు.

సరిగ్గా ఆ ఏడాదే బస్తర్ దక్షిణపు కొసన జగర్గుండాలో బడి మూతపడింది.

మళ్లీ గంట మోగింది 2019 జూన్‌లో. మధ్యలో పదమూడేళ్లు. 2006లో పలక పట్టుకుని ఒకటో తరగతిలో కూర్చోవలసిన ఆరేళ్ల పిల్ల, గంట మళ్లీ మోగేనాటికి పంతొమ్మిదేళ్ల మనిషి. చాలామందికి అప్పటికి చంకన బిడ్డ కూడా ఉంటుంది.

జగర్గుండా పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. పేపర్లో ఎన్‌కౌంటర్ వార్త కింద కనిపించే ఊరు. భద్రాచలం దాటి చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్లే రోడ్డులో దోర్నపాల్ వస్తుంది. అక్కడి నుంచి లోపలికి యాభై ఆరు కిలోమీటర్లు. దారిలో పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్నార్. ఈ దారి పక్కనే తాడ్‌మెట్ల దగ్గర 2010 ఏప్రిల్ 6న 76 మంది జవాన్లు చనిపోయారు. బుర్కాపాల్‌లో 2017 ఏప్రిల్ 24న మరో 25 మంది. చచ్చిపోయిన ఊరివాళ్ల లెక్క ఇంత కచ్చితంగా ఎక్కడా దొరకదు.

అంతకుముందు ఇది సంత ఊరు. చింతపండు, ఇప్పపువ్వు తూకం వేసే ఊరు. దంతెవాడ నుంచి అరన్‌పూర్ మీదుగా, బీజాపూర్ నుంచి బాసగూడ మీదుగా, ఇటు దోర్నపాల్ నుంచి, మూడు దారులు ఇక్కడ కలిసేవి. 2005లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వాజుడుం అనే దళం మొదలైంది. చుట్టుపక్కల పల్లెల జనాన్ని తెచ్చి ఊళ్లో శిబిరం పెట్టారు. చుట్టూ కంచె వేశారు. మూడు దారులూ మూసుకుపోయాయి. రేషన్ బియ్యం కూడా బలగాల కాపలాతో ఎప్పుడో ఒకసారి వచ్చేది. బలగాలు బడి భవనాల్లో దిగాయి. బలగాలు దిగుతాయని మావోయిస్టులు బడి భవనాలు కూల్చారు. రెండు వైపుల నుంచీ దెబ్బ తిన్నది ఒకే గోడ. బడుల నుంచి బలగాలను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2011 జూలై 5న సల్వాజుడుం వ్యవహారమే రాజ్యాంగ విరుద్ధమని అదే కోర్టు తేల్చింది.

జగర్గుండా బడి దోర్నపాల్‌కు తరలింది. అక్కడ వెదురు తడికెలతో కట్టిన ఆశ్రమ బడులు వెలిశాయి. సర్కారు కాగితాల్లో పోర్టా కేబిన్, జనం నోట పోటా కేబిన్. అమ్మ ఒక చోట, అక్షరం ఒక చోట. ఇంకొన్ని వేల కుటుంబాలు శబరి నది దాటి మన వైపు వచ్చేశాయి. మనవాళ్లు వాళ్లను గొత్తికోయలన్నారు. పోడు గుడిసెల పక్కన తెలుగు అక్షరాలు దిద్దిన ఆ పిల్లలకు ఇక్కడ ఎస్టీ ధ్రువపత్రం దొరకదు, అక్కడ ఊరే దొరకదు.

ఇప్పుడు ఊరికి తారురోడ్డు వచ్చింది. 2001లో మావోయిస్టులు దోచుకున్నాక మాయమైన బ్యాంకు కూడా 2025 మేలో మళ్లీ తలుపు తీసింది. బడి ఉంది. పిల్లలు ఉన్నారు. నన్ను తొలిచే ప్రశ్న చిన్నది. ఆ బడిలో చరిత్ర చెప్పే పంతులు ఏ చరిత్ర చెప్పాలి?

మా రోజుల్లో చరిత్రంటే అంకెలే. 1526, 1556, 1761. పానిపట్టు ఎక్కడుందో తెలియదు కానీ మూడు యుద్ధాలూ నాలుక మీద ఉండేవి. జగర్గుండా పిల్లకు పానిపట్టు ఎంత దూరమో మా ఊరికీ అంతే దూరం. కాకపోతే మా ఊళ్లో బడి గోడ మీద తూటా గుర్తులు లేవు.

ఆ పిల్లకు దగ్గరి చరిత్ర లేదా అంటే, బోలెడు ఉంది. అందులో సగం మనతో ముడిపడి ఉంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇటు వచ్చి రాజ్యం పెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంది. వెనక అమ్మవారు అందెల చప్పుడుతో నడిచి వస్తోందని, రాజు వెనక్కి తిరిగి చూసేసరికి దంతెవాడలో నిలిచిపోయిందని కథ. ఊళ్ల పేర్లే చూడండి. చింతల్నార్‌లో తెలుగు చెవికి చింత తగులుతుంది. గోండిలో నార్ అంటే ఊరు. రెండు భాషలు ఒకే పేరులో సర్దుకుని కూర్చున్నాయి.

ఆ చింతల్నార్ కొండల దగ్గరే లింగగిరి తాలూకా దొర్ల నాయకుడు ధుర్వారావు 1856లో ఇంగ్లీషు సైన్యంతో తలపడ్డాడని బస్తర్ చరిత్రకారులు రాస్తారు. అతన్ని పట్టుకుని ఉరి తీశారు. సిపాయిల తిరుగుబాటుకు కాస్త ముందు సంగతి ఇది. తర్వాత మూడేళ్లకు, 1859లో, ఇంకో గొడవ. సాల వృక్షాలు నరికే కాంట్రాక్టు హైదరాబాదు వ్యాపారులకు ఇచ్చారు. కూలీలు గొడ్డళ్లతో దిగారు. పోతకేలు జమీందారు నాగుల్ దొర్ల, భోపాలపట్నం రాంభోయి, భెజ్జి జగ్గరాజు ఏకమయ్యారు. ఒక చెట్టు పడితే ఒక తల పడుతుందన్నారు. అన్నంత పనీ చేశారు. చివరికి గ్లాస్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు అధికారి కాంట్రాక్టు పద్ధతినే ఎత్తేయాల్సి వచ్చింది. చిప్కోకు శతాబ్దం ముందు మాట. భెజ్జి కూడా దక్షిణ బస్తర్‌లోదే. ఈ కథ మన పిల్లల పుస్తకాల్లో లేదు. ఉంటే, నరికించింది హైదరాబాదు వాళ్లని కూడా చెప్పాల్సి వస్తుంది.

ఇక 1910. సర్కారు 1905లో మూడింట రెండొంతుల అడవిని రిజర్వు చేస్తానంది. పోడు ఆగాలి, వేట ఆగాలి, అడవి సరుకు తీయడం ఆగాలి. పైన వెట్టి, కరువులు. భూమ్‌కాల్ అనే ఆ తిరుగుబాటు లేచింది. సంతలు దోచారు, ధాన్యం పంచారు, పోలీసు ఠాణాలు తగలబెట్టారు. ఎన్‌సీఈఆర్‌టీ పాఠం దాచకుండా చెప్పే మరో సంగతి ఉంది. తగలబడిన వాటిలో బడులు కూడా ఉన్నాయి. అప్పటి బడి వెట్టి చాకిరీతో కట్టినది. పంతులు కూడా ఠాణా మనిషిలాగే కోడిపుంజు అడిగేవాడు. అణిచివేశాక కూడా సర్కారు వెనక్కి తగ్గింది. రిజర్వు చేయదలచిన అడవిని సగానికి కుదించింది. గుండాధుర్ మాత్రం దొరకలేదు.

కాబట్టి జగర్గుండా చరిత్ర పంతులు బడిలో నిలబడి బడి పోయిన కథ చెప్పాలి. అదీ రెండుసార్లు. 1910ది పుస్తకంలో ఉంది. 2006ది పిల్లల ఇళ్లలో ఉంది. ఏ అమ్మ ఏ వైపు నుంచి ఏం పోగొట్టుకుందో పంతులుకు తెలియదు. తెలిసినట్టు మొదలుపెడితే మొదటి వాక్యంలోనే తరగతి సగం మూగబోతుంది.

ఇక్కడే నాకు జెసూట్లనే క్యాథలిక్ పాదరీల సంఘానికి చెందిన ఒక చరిత్ర మాస్టారు గుర్తొస్తారు. పేరు హెన్రీ హెరాస్. 1888లో బార్సిలోనాలో పుట్టారు. 1922 నవంబరులో బొంబాయి దిగి సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరారు. అక్కడ ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ఏ చరిత్ర చెబుతారని ప్రిన్సిపల్ అడిగితే భారతదేశ చరిత్ర అన్నారట. అందులో మీకేం తెలుసు అంటే, ఏమీ తెలియదన్నారట. మరెలా చెబుతారయ్యా అంటే, చదువుకుని చెబుతానన్నారట. ఉద్యోగం వేటలో ఇంత నిజం మాట్లాడినవాళ్లు మన దగ్గరైతే ఇంటికి వచ్చేస్తారు. హెరాస్ మాత్రం చదువుకున్నారు.

ఎంత చదువుకున్నారంటే, 1927లో ఆయన అచ్చువేసిన పుస్తకం ఆరవీడు వంశపు చరిత్ర. 1565లో తళ్లికోట దగ్గర విజయనగరం కూలాక, పెనుకొండకూ చంద్రగిరికీ తరలిపోయిన మన చివరి రాయల కథ. తెలుగువాళ్లం కృష్ణదేవరాయల దగ్గర పుస్తకం మూసేస్తాం. ఓడిపోయాక ఆ కుటుంబం ఏం చేసింది, రాజధాని ఎన్నిసార్లు మూట కట్టింది, రెండో వేంకటపతి ఎలా నిలబెట్టాడు, ఇవన్నీ వరసగా కూర్చింది ఆ కటలాన్ పాదరీ. చంద్రగిరి కొలువుకు వచ్చిన పాత జెసూట్ల ఉత్తరాలు ఆయనకు చేతికందిన సంపద. వాటి పక్కన శాసనాలూ పెట్టుకున్నారు. ఏలినవాళ్ల రోజుల కన్నా ఊరు కోల్పోయినవాళ్ల రోజులే ఆయన్ని పట్టాయని నాకనిపిస్తుంది.

1926లో ఆయన కాలేజీలో చరిత్ర పరిశోధన సంస్థ పెట్టారు. నాణేలు, శిల్పాలు, రాతప్రతులు పోగేశారు. చరిత్రను ఒప్పజెప్పడం మాని తవ్వి తీయాలని శిష్యులకు నేర్పారు. ఆ శిష్యుల్లో జార్జి మొరేస్ 1931లో కదంబుల చరిత్ర రాశాడు. ఇంగ్లీషువాడి రాజ్యంలో ఇంగ్లీషువాడు కాని పరదేశి, ఇక్కడి కుర్రాళ్లకు వాళ్ల చరిత్రను వాళ్లే రాసుకోవచ్చని చూపించాడు. 1955 డిసెంబరులో హెరాస్ చనిపోయారు. 1981లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది.

హెరాస్ కథలో ఇంకో మలుపు ఉంది. దాన్ని చివరికి అట్టేపెడతాను.

జగర్గుండాలో జెసూట్ బడి లేదు. మన దగ్గర జెసూట్ బడులకుండే లయోలా అనే పేరుకు సీటు, ఫీజు, ఇస్త్రీ యూనిఫాం అనే అర్థాలు వచ్చేశాయి. సికింద్రాబాద్ సెయింట్ పాట్రిక్స్, విజయవాడ ఆంధ్రా లయోలా, అల్వాల్ లయోలా అకాడమీ, ఇవన్నీ పట్నపు పేర్లు. అలాంటివాళ్లను అడవి ఊరికి ఎందుకు లాక్కొస్తున్నావని అడగొచ్చు. పైగా వాళ్లు మతం పట్టుకు వచ్చినవాళ్లు. బస్తర్ ఊళ్లలో ఇవాళ మతం పేరుతో శవాన్ని పాతిపెట్టడం దగ్గరా తగువే. ఆ సంగతి కప్పిపెట్టి పొగిడితే అది చరిత్ర కాదు, భజన.

అయినా లాక్కొస్తున్నాను. దానికి కారణం, తమ బడుల గురించి తామే గట్టిగా తిట్టుకున్న చరిత్ర వాళ్లకుంది. 1548లో సిసిలీలోని మెస్సీనాలో మొదలైన ఆ బడుల వ్యవస్థ 1599లో తన పద్ధతులన్నీ ఒక గ్రంథంగా రాసుకుంది. అందులో చరిత్ర విడి పాఠ్యాంశమే కాదు. లాటిన్ చదువుతూ సీజరునూ లివీనీ చదివితే వచ్చినంత. అలా శతాబ్దాలు ధనవంతుల పిల్లలను, మంత్రుల పిల్లలను తీర్చిదిద్దారు. 1973లో స్పెయిన్‌లోని వలెన్సియాలో పూర్వ విద్యార్థుల సభ. సూటుబూటుల మధ్య జెసూట్ల పెద్ద పేద్రో అరూపే లేచారు. 1945 ఆగస్టులో హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు ఊరి అంచునే ఉండి, కాలిన ఒళ్లకు కట్లు కట్టిన మనిషి. న్యాయం కోసం బతకడం మీకు నేర్పామా అని తనే అడిగి, లేదని తనే జవాబిచ్చారు. సన్మానానికి వచ్చినవాళ్లకు చెంపదెబ్బ. చాలామంది నొచ్చుకున్నారు, పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షుడు రాజీనామా చేశాడు. మన విద్యాసంస్థల వార్షికోత్సవంలో ఇలాంటి ఉపన్యాసం ఒక్కటి వినాలని నాకు ఎన్నాళ్ల నుంచో కోరిక.

అంతకు పద్దెనిమిదేళ్ల ముందే ఒక హెడ్మాస్టరు మాటలు మాని పని మొదలుపెట్టాడు. హోసే మరియా వెలాజ్. చిలీలో పుట్టి, వెనిజువెలా కొండ ఊరు మెరిడాలో సాన్ హోసే అనే పేరున్న జెసూట్ బడికి రెక్టరుగా ఉన్నాడు. 1955లో కరాకస్ మురికివాడలకు చేరాడు. బడి పెట్టడానికి చోటు లేదు. అబ్రహాం రేయెస్ అనే తాపీ మేస్త్రీ తను కట్టుకున్న ఇల్లు ఇచ్చాడు. వందమంది పిల్లలు నేల మీద కూర్చున్నారు. ఆ బడులకు ఫే ఇ అలెగ్రియా అని పేరు. నమ్మకం, ఆనందం అని అర్థం. తారురోడ్డు ఆగిపోయిన చోట తమ బడి మొదలవుతుందని వాళ్లు చెప్పుకుంటారు. ఇవాళ ఇరవైకి పైగా దేశాల్లో ఉన్నాయి. నాకు ఈ కథలో వెలాజ్ కన్నా ఆ తాపీ మేస్త్రీ పెద్దగా కనిపిస్తాడు. జగర్గుండా వైపు చాలా పల్లెల్లో బడి కూలాక తడికెలూ దూలాలూ మోసుకొచ్చి పాక వేసింది కూడా ఊరివాళ్లే.

ఆ తర్వాత 1993లో జెసూట్లు తమ బోధన పద్ధతిని ఐదు మెట్లుగా చెప్పుకున్నారు. అనుభవం, మననం, ఆచరణ, మూల్యాంకనం నాలుగూ మనం ఎక్కడో ఒకచోట విన్నవే. వాటన్నిటికీ ముందున్నది సందర్భం. పాఠం మొదలుపెట్టే ముందు ఎదుట కూర్చున్న పిల్ల ఎక్కడి నుంచి వచ్చింది, ఇంట్లో ఏ భాష, నిన్న ఏం తిన్నది, దేనికి ఉలిక్కిపడుతుంది అని పంతులు తెలుసుకోవాలి. 2019లో, జగర్గుండా గంట మోగిన ఏడాదే, వాళ్లు తమ బడులకు పది గుర్తులు రాసుకుంటే అందులో ఒకటి ప్రపంచ పౌరసత్వం. మన సందుల్లో 'గ్లోబల్' అని బోర్డు పెట్టే బడుల్లో ఆ మాటకు ఏసీ బస్సని అర్థం.

జగర్గుండాలో ప్రపంచ విద్య ఎలా ఉంటుందో చెప్పడానికి మళ్లీ ఆ తొమ్మిదో తరగతి పుస్తకమే చాలు. బస్తర్ పక్కనే అందులో జావా ఉంది. అక్కడ డచ్చివాళ్లు టేకు కోసం అడవి లాక్కున్నారు. 1890 ప్రాంతంలో రందుబ్లాతుంగ్ అనే టేకు అడవి పల్లెలో సురొంతికో సమిన్ అనేవాడు ఒక మాట అన్నాడు. గాలినీ నీటినీ మట్టినీ చెట్టునూ సర్కారు పుట్టించలేదు, కనుక సర్కారు సొత్తు కావు. సర్వే చేయడానికి అధికారులు వస్తే అతని మనుషులు తమ పొలంలో అడ్డంగా పడుకున్నారు. ఈ మాట కోయ పిల్లకు విప్పి చెప్పక్కర్లేదు. సముద్రం అవతల తన బాబాయి ఒకడున్నాడని తెలుస్తుంది. విమానం ఎక్కకుండా దొరికే ప్రపంచం ఇది.

ఛత్తీస్‌గఢ్ ఉత్తరపు కొసన జశ్‌పూర్ జిల్లా కుంకురిలో లయోలా బడి ఉంది. దాని పక్క ఛోటానాగ్‌పూర్‌లో హాఫ్మన్ అనే జెసూట్ ముండారీ భాషకు విజ్ఞాన సర్వస్వం కూర్చాడు. భాష లోతు తెలిసినందువల్లే ముండాల భూమి హక్కు ఏ మాటలో ఉందో పట్టుకోగలిగాడు. 1908 ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం తయారీలో ఆయన చేయి ఉంది. దక్షిణాన గోండికి, దొర్లికి అంత అదృష్టం పట్టలేదు. దొర్లి సగం తెలుగు వాసన వేసే గోండి. హిందీ పుస్తకం ముందు కూర్చున్న ఆ పిల్ల నోట్లో ఉన్నది ఢిల్లీ కన్నా వరంగల్‌కు దగ్గరి భాష.

ఇక అట్టేపెట్టిన మలుపు. హెరాస్ చివరి దశాబ్దాలు సింధు లిపికి అంకితం చేశారు. ఆ ముద్రల మీది భాష ద్రావిడమని నమ్మి, పెద్ద గ్రంథం రాసి 1953లో తెచ్చారు. ఆయన చదివిన చదువుల్లో చాలావాటిని పండితులు ఒప్పుకోలేదు. లిపి నేటికీ తేలలేదు. కానీ ఒక్క ఊహ మాత్రం బతికింది. ముద్రల మీద పదేపదే కనిపించే చేప గుర్తును ఆయన మీన్ అని చదివారు. ద్రావిడంలో మీన్ అంటే చేప, తమిళంలో చుక్క కూడా. నీళ్లలో మెరిసేదీ ఆకాశంలో మెరిసేదీ ఒకే మాట. తర్వాత ఫిన్లండ్ పండితుడు ఆస్కో పర్పోలా ఆ దారినే ముందుకు నడిచాడు.

ఊహకు అందేది ఒకటి రాస్తాను, జరిగిందని కాదు. జగర్గుండా బడిలో ఆరో తరగతి. హరప్పా పాఠం. మైదానం నుంచి బదిలీ మీద వచ్చిన పంతులు నల్లబల్ల మీద ముద్ర గీసి, దాని మీద చేప గీసి, ఇదేమిటని హిందీలో అడుగుతాడు. ముందు బెంచీల్లో ఇద్దరు మఛ్లీ అంటారు. వెనక బెంచీలో, ఇన్నాళ్లూ నోరు విప్పని పిల్ల గోండిలో గొణుగుతుంది. ఏమన్నావని పంతులు దగ్గరికి వెళ్తాడు. తప్పు చేశానేమోనని ఆమె తల దించుకుంటుంది. ఇంకోసారి అడిగితే అంటుంది.

మీన్.

పంతులుకు హెరాస్ తెలియదు. అయినా చాక్‌పీసు కిటికీలో పెట్టి, జేబులోంచి పెన్ను తీసి ఆ మాట రాసుకుంటాడు. మీ ఊరి చెరువులో ఇంకేమేం ఉంటాయి, వాటి పేర్లు చెప్పు అంటాడు. ఆమె తల ఎత్తుతుంది.